ఎటు తిరిగినా ఒక మీటరే

నా భార్య పోయిన దగ్గర్నుంచి ఆమె బీరువా తెరుచుకోలేదు. తాళాలగుత్తి కనబడలేదు. పగలగొట్టేద్దామని ఆమె తమ్ముడు రోజూ నా ప్రాణం తీశాడు. నేను ఒప్పుకోలేదు. ఆమె చేత్తో వేసిన తాళం అది.

గుత్తికి సిగ్నల్ పంపే బిళ్ళ ఒకటి ఉంది. ఆ సిగ్నల్ అందుకునే కార్లతో దాన్ని వెతకొచ్చని మా కారు మెకానిక్ చెప్పాడు.

"ఒక్క కారుకి ఎంత దూరమో తెలుస్తుంది, ఏ వైపో తెలీదు బాబాయ్. రెండు కార్లు నేరుగా మాట్లాడుకుంటూ తిరిగితే చోటు తేలుతుంది."

"కార్లు నయం. మా బావ నాతో మాట్లాడి నెలయింది," అంటూనే బామ్మర్ది తన కారు తీశాడు.

మెకానిక్ నా పక్కన కూర్చున్నాడు. రెండు కార్ల దూరాలూ నా కారు తెర మీద పడుతున్నాయి. వీధులన్నీ తిరిగాం. నా అంకె పెరుగుతోంది, తగ్గుతోంది. బామ్మర్దిది మాత్రం ఎటు తిరిగినా ఒక మీటరే.

"ఇదేం వింత?" అన్నాను.

"వింతేముంది? వెతికేదాన్ని వెంటేసుకుని తిరుగుతున్నాడాయన."

బామ్మర్ది కారు ఆపించాం. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది అందులోనే. గుత్తి వెనక సీటు సందులో దొరికింది.

"నాకు నిజంగా తెలీదు బావా," అన్నాడు. "పద, బీరువా తెరుద్దాం."

"తెలీదని నమ్ముతాను. తెరిచేది మాత్రం నేనొక్కణ్ణే. నువ్వు అరుగు మీద కూర్చో."