మోదుకూరి వారి తమ్ముడు

ఏరా అల్లుడూ, ఎక్కడికా పరుగు? కూర్చో కాసేపు. నిన్ను మోసం చేసే మొనగాడు గుంటూరు జిల్లాలోనే పుట్టలేదని పెళ్ళి పందిట్లో గొంతు చించుకున్నావటగా! అన్న పూటే ఎవడో నీ కొత్త చెప్పులు తొడుక్కుపోతే, వాడి పాతవి ఈడ్చుకుంటూ ఇంటికొచ్చావట. నవ్వకు. నీలాంటివాడే రేపల్లెలో ఒకడుండేవాడు. పేరు చెరుకూరి బసవలింగం.

స్టేషన్ ఎదురుగా వాడిది సైకిల్ షాపు. రేపల్లె అంటే రైలు పట్టాలు అయిపోయే ఊరు. తెనాలి నుంచి వచ్చిన బండికి ఇంక ముందుకు దారి ఉండదు. కాసేపు నిలబడి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ బండిలోంచి కొత్త ముఖం ఒకటి దిగిందంటే బసవలింగానికి పండగే. బస్టాండు ఎటని అడిగినవాణ్ణి నాలుగు వీధులు తిప్పి మళ్ళీ తన షాపు ముందుకే వచ్చేలా దారి చెప్పేవాడు. వాళ్ళు తిట్టేవాళ్ళు. పక్కనే హనుమాయమ్మ టీ బడ్డీ దగ్గర కూర్చున్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వినంతసేపు నవ్వి, ఎవరి గ్లాసు వాళ్ళు పెట్టేసి, ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవాళ్ళు. బసవలింగం షాపు వెనక గదిలోకి పోయేవాడు. అక్కడ ఒక మంచం, ఒక కంచం.

పెళ్ళి కాలేదా అంటావా? కాలేదు. పాతికేళ్ళప్పుడు బాపట్లలో పెళ్ళిచూపులకు వెళ్ళి, సరదాకి మూగవాడిలా సైగలు చేస్తూ కూర్చున్నాడు. చివర్లో నోరు విప్పి అందర్నీ అదరగొడదామని వాడి ఎత్తు. ఆ చివరిదాకా ఎవరూ ఉండలేదు. పిల్ల లేచి లోపలికి పోయింది, పెద్దవాళ్ళు కళ్ళొత్తుకుంటూ వీధి తలుపు చూపించారు. ఆ కథ కూడా వాడు నవ్విస్తూనే చెప్పేవాడు.

తొంభై ఎనిమిది, మాఘమాసం. గోడల నిండా ఎలక్షన్ల రాతలు. పొద్దున బండిలోంచి ఒక మనిషి దిగాడు. అరవై దాటి ఉంటాయి. తలమీద గుడ్డ టోపీ, పూల చొక్కా, భుజాన జిప్పు సంచి. నేరుగా హనుమాయమ్మ దగ్గరకొచ్చి టీ అడిగాడు.

"ఎవరి తాలూకు అన్నయ్యా? ఈ పక్క మనిషిలా లేవే" అంది హనుమాయమ్మ.

"మలేషియా నుంచి వచ్చానమ్మా. వీరాస్వామి నా పేరు. బస్సు డ్రైవర్ని. ఇంటిపేరు మోదుకూరి. మా తాత ఈ పక్క నుంచే పోయి ఓడెక్కాడంట లా."

మాట చివర ఆ 'లా' వాళ్ళ దేశపు అలవాటు. మనం 'అండీ' అన్నట్టు వాళ్ళకది నాలుక మీదే ఉంటుంది.

బసవలింగం చేతిలో ఉన్న ట్యూబును నీళ్ళ తొట్టిలో పడేసి ఒక్క గంతులో వచ్చి ఆ మనిషిని వాటేసుకున్నాడు.

"అన్నయ్యా! ఎన్నాళ్ళకు, ఎన్నేళ్ళకు! నేను మోదుకూరి బసవలింగాన్ని. మీ తాతా మా తాతా సొంత అన్నదమ్ములు!"

టీ తాగుతున్నవాళ్ళు గ్లాసుల్లో ముఖాలు దాచుకున్నారు. వీరాస్వామి మాత్రం వాడి భుజం మీద చెయ్యి తియ్యకుండా చాలాసేపు చూశాడు. తర్వాత సంచి కిందపెట్టాడు.

"తమ్ముడా?" అన్నాడు.

"అట్టా అయితే మీ తాత పేరు చెప్పు బసవలింగం" అని ఒకడు గిల్లాడు.

"పెద్దల్ని పేరు పెట్టి పిలిచే కొంప కాదు మాది" అని కసిరాడు బసవలింగం. ఊపులో ఉన్నాడేమో, "పెదనాన్న కులాసాయేనా అన్నయ్యా?" అని కూడా అడిగేశాడు.

"పోయాడు తమ్ముడూ. అక్టోబర్లో."

నవ్వేవాళ్ళు గ్లాసులు కిందపెట్టారు. హనుమాయమ్మ మాత్రం ఇన్నేళ్ళ బాకీ తీర్చుకునే సమయం వచ్చిందని చప్పున కనిపెట్టింది.

"అయ్యయ్యో! సొంత పెదనాన్న! చావు కబురు చెవిన పడ్డాక నెత్తిన నీళ్ళు పోసుకోకుండా ఇంకా నిలబడ్డావేంటి బసవలింగం? మైల కాదూ? ఆ గ్లాసు ముట్టుకోకు!"

అంతే, నలుగురు లేచి వాణ్ణి బోరింగు దగ్గరకు లాక్కెళ్ళారు. మాఘమాసపు పొద్దున కట్టుబట్టలతో మూడు బకెట్లు కుమ్మరించారు. కాదనడానికి లేదు. కాదంటే మోదుకూరివాడు కాడని తేలిపోతుంది. వీరాస్వామి సంచిలోంచి తువ్వాలు తీసి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు వాడి తల తుడిచాడు. బసవలింగం తల ఇంకొకరు తుడిచి యాభై ఏళ్ళు దాటింది.

సాయంత్రం బండికి ఎక్కించేదాకా ఆడదాం అనుకున్నాడు వాడు. సాయంత్రం బండి వచ్చింది, పోయింది. అప్పటికి వీరాస్వామి వెనక గది ఊడ్చి, బజారుకెళ్ళి కొబ్బరికాయ తెచ్చి, పాలు పిండి వంకాయ కూర వండేశాడు. కంచం ఒక్కటే ఉంది. హనుమాయమ్మ దగ్గర ఇంకొకటి అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది.

మర్నాటి నుంచి టీ బడ్డీ దగ్గర వీరాస్వామే రేడియో.

"మీ దేశంలో ఆకాశాన్నంటే జంట మేడలు కట్టారంటగా, ఎక్కావా అన్నయ్యా?"

"ఎక్కడ? కింద నుంచి చూశా, మెడ పట్టేసింది. ఆ దగ్గర మా బస్సు ఆపనియ్యరు లా."

"మీ డబ్బు విలువ పడిపోయిందని పేపర్లో రాస్తున్నారు, నిజమేనా?"

"పడిపోయింది డబ్బు కాదయ్యా, మేం. టీవీ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీకి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోయేది నా బస్సు. నలభై మంది ఎక్కేవాళ్ళు. దీపావళికి ఇరవై. క్రిస్మస్‌కి తొమ్మిది. ఆ తర్వాత బస్సే వద్దన్నారు. పైనుండే పెద్దమనుషులేమో ఇదంతా బయటి దేశం షావుకార్లు చేసిన పని అంటారు. ఎవరు చేస్తే ఏంటి, పాలడబ్బా ధర మాత్రం మా వీధి కొట్టోడే పెంచాడు."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, అలాగే చెప్పుకుపోయాడు. పుట్టింది మలేషియాలోనే పేరాక్ అనే రాష్ట్రంలో, కొబ్బరి తోటలో. వరసగా కూలీల ఇళ్ళు, చివర రాములవారి గుడి, ఒక తెలుగు బడి. పిల్లలు తగ్గిపోయి బడి మూసేశారు. తోట అమ్మేసి పామాయిల్ వేశారు. కూతురికి దూరాన జోహోర్‌లో ఉద్యోగం. నెలకొకసారి ఫోన్ చేస్తుంది, ఎక్కువసేపు మలాయి భాషలోనే మాట్లాడుతుంది. ఇంట్లో తనతో తెలుగు మాట్లాడటానికి మిగిలింది ముసలి తండ్రి ఒక్కడు. పోయినేడు పక్క దేశంలో అడవులు తగలబడి ఆ పొగంతా వీళ్ళ మీదికొచ్చింది. నెలల తరబడి సూర్యుడు కనబడలేదు. పట్టపగలు లైట్లు వేసుకుని బస్సు నడిపాడు. తొంభై ఏళ్ళ ముసలాయన ఊపిరి ఆ పొగతోనే పోయింది.

"ఇప్పుడేమో బంగ్లాదేశ్ నుంచొచ్చిన కూలీల్ని ఇళ్ళకు పంపేస్తామంటున్నారు. టీవీలో చూపిస్తారు, సంచులు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. వాళ్ళకు వెళ్ళడానికి ఇల్లుంది. నన్ను పంపిస్తే ఎక్కడికని పంపిస్తారు? అదీ నా డౌటు లా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బసవలింగానికి ఏదో ఒకటి అని నవ్వించాలనిపించింది. లేచి షాపులోకి పోయి ట్యూబుకి గాలి కొట్టాడు.

మూడో రోజు మధ్యాహ్నం వీరాస్వామి సంచిలోంచి ఆకుపచ్చ మైలో డబ్బా, మన బోర్నవిటా డబ్బాలాంటిది, తీసి మంచం మీద పెట్టాడు. టీ పెడతాడేమోనని బసవలింగం గ్లాసులు అందుకున్నాడు.

"నాన్న" అన్నాడు వీరాస్వామి.

గ్లాసులు వాడి చేతిలోనే ఉండిపోయాయి.

"అస్థికలు కృష్ణలో కలపమన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు తమ్ముడూ. 'కొడుకువి నువ్వెలాగూ పోస్తావు. మన ఇంటిపేరు వాడు అక్కడొకడు నా పేరు చెప్పి మూడు దోసిళ్ళ నీళ్ళు వదిలితే, నేను ఊరొచ్చినట్టే' అన్నాడు. ఇంక నాకు బెంగ లేదు. నువ్వున్నావుగా. ఆదివారం పోదాం."

ఆ రోజంతా బసవలింగం ఒక్క పంక్చరు కూడా సరిగ్గా వెయ్యలేదు. బతికున్నవాళ్ళని ఆడించడం వేరు. చచ్చి సముద్రం దాటి వచ్చిన ముసలాయనకు దొంగ నీళ్ళు పొయ్యడం వేరు. హనుమాయమ్మ దగ్గరకెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు.

"చెప్పెయ్యమంటావా అక్కయ్యా?"

"చెప్పకపోతే పాపం రా."

"చెప్తే సాయంత్రం బండికే పోతాడు."

"పోతే పోతాడు. నీకేంటి?"

వాడు బడ్డీ మీది ఖాళీ గ్లాసుల్ని వరసగా సర్దాడు. హనుమాయమ్మ వాడి ముఖం చూసి, అడగకుండానే టీ పోసి ఇచ్చింది.

శుక్రవారం ఇంకో సంగతి తెలిసింది. చైను వేయించుకోవడానికి వచ్చిన ఒకాయనది జంపని. మాటల్లో అడిగితే, "మోదుకూరి వారా? మా వీధిలోనే రెండిళ్ళున్నాయి. వాళ్ళ తాత తమ్ముడెవరో విదేశం పోయాడని చెప్పుకుంటారు" అన్నాడు. జంపని ఎంత దూరం? వేమూరు దాకా బండెక్కితే అక్కడి నుంచి పక్కనే. బసవలింగం వెనక్కి తిరిగి చూశాడు. వీరాస్వామి డబ్బా పక్కన బోర్లా పడుకుని మధ్యాహ్నపు కునుకు తీస్తున్నాడు. లేపితే చాలు. ఇంటిపేరున్న అసలు మనుషులు గంట దూరంలో ఉన్నారు.

లేపలేదు. రేపు చెబుదామనుకున్నాడు. శనివారం మళ్ళీ రేపనుకున్నాడు. శనివారం సాయంత్రం ఇద్దరూ బజారుకెళ్ళి, అరువు కంచం తిరిగిచ్చేసి, కొత్త కంచం ఒకటి కొనుక్కొచ్చారు. దాని మీద పేరు కొట్టించమంటారా అని కొట్టువాడు అడిగితే, వద్దులే అనేసి గబగబా వచ్చేశాడు బసవలింగం.

ఆదివారం పొద్దున్నే వీరాస్వామిని వెనక కూర్చోబెట్టుకుని పెనుమూడి రేవుకు సైకిలు తొక్కాడు. దారంతా డబ్బా వీరాస్వామి ఒళ్ళో ఉంది. కృష్ణ ఆ పొద్దున పలచగా, నిదానంగా పోతోంది. రేవులో కర్మకాండలు చేయించే దక్షిణామూర్తి గారు దర్భలు పరిచారు. కొడుకు చెయ్యాల్సినవన్నీ వీరాస్వామి చేశాడు. డబ్బా ఖాళీ అయింది.

"ఇప్పుడు మీ ఇంటిపేరుగల జ్ఞాతి ఎవరు? ఇలా రావయ్యా. దోసిలి పట్టు" అన్నారు దక్షిణామూర్తి గారు.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడిన బసవలింగం దోసిలి పట్టాడు. ఆయన నువ్వులు వేశారు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి.

"నా వల్ల కాదండి!" అని అరిచాడు వాడు. "నేను మోదుకూరి వాణ్ణి కాదు. చెరుకూరి వాణ్ణి. ఉత్తినే అన్నా. తమాషాకి అన్నయ్యా, తమాషాకి! నీ సొంతవాళ్ళు జంపనిలో ఉన్నారు. నాకు శుక్రవారమే తెలిసింది, చెప్పలా. ఇప్పుడే తీసుకెళ్తా, వాళ్ళ చేత పోయించు. నన్ను కొట్టు, తిట్టు, పెదనాన్నకు మాత్రం నా చేత దొంగనీళ్ళు పోయించకు."

దక్షిణామూర్తి గారు పడీపడీ నవ్వారు.

"వీడి మాట నమ్మకండి బాబూ! పోయినేడు లేని గృహప్రవేశానికి నన్ను ఎండలో నాలుగు మైళ్ళు నడిపించిన ఘనుడు. కర్మ చేసే రేవులో కూడా పరాచికమేనా బసవలింగం? పట్టు దోసిలి."

"నిజమండీ! దేవుడి తోడు!"

"ఆ రోజు కూడా దేవుడి తోడే అన్నావు."

వాడు ఏడుపు ముఖంతో వీరాస్వామి వైపు తిరిగాడు. వీరాస్వామి కోప్పడలేదు. వాడి రెండు చేతులూ కింద నుంచి తన చేతులతో పట్టుకుని, సందు లేకుండా దగ్గరికి చేర్చాడు.

"మావాడే అయ్యగారూ. మంత్రం చెప్పించండి" అన్నాడు.

ఒకటి, రెండు, మూడు. మూడు దోసిళ్ళూ కృష్ణలోకి జారాయి. దక్షిణామూర్తి గారు సంభావన పుచ్చుకుని ఇంకా నవ్వుకుంటూనే వెళ్ళిపోయారు.

ఇద్దరూ తడిబట్టలతో మెట్ల మీద కూర్చున్నారు. పడవ ఒకటి అవతలి ఒడ్డుకు పోతోంది. అది చిన్నదయ్యేదాకా చూశారు.

"నేను చెప్పింది నిజమే అన్నయ్యా" అన్నాడు చివరికి బసవలింగం. "జంపని వెళ్దాం లే."

"నేను వెళ్ళొచ్చాను."

"ఎప్పుడు?"

"నీ దగ్గరకు రావడానికి ముందు రోజు. ఇంటిపేరు చెప్పా, తాత పేరు చెప్పా, డబ్బా చూపించా. పొలంలో వాటాకి వచ్చాననుకున్నారు లా. మాకెవరూ విదేశం పోలేదన్నారు. మంచినీళ్ళు అరుగు మీదకే తెచ్చిచ్చారు, తాగేదాకా నిలబడి గ్లాసు తీసుకుని తలుపేసుకున్నారు. ఇంక నేనొక్కణ్ణే నీళ్ళలో కలిపేసి పోదామని రేపల్లె బండెక్కా."

బసవలింగం మెట్టు మీంచి లేచి నిలబడ్డాడు.

"అయితే... నేను వాటేసుకున్నప్పుడే..."

"అప్పుడే. టీ తాగేవాళ్ళంతా నవ్వుతున్నారుగా, నాకు కళ్ళు లేవా?"

"మరి వారం రోజుల్నుంచి చావలేక బతుకుతున్నానే! తెలుసని ఒక్క మాట చెప్పచ్చుగా!"

వీరాస్వామి టోపీ తీసి, నీళ్ళు పిండి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెప్తే ఆట అయిపోయిందని పంపించేసేవాడివి గదా తమ్ముడూ."