ముత్యంరావు ఇంటి పాతర

నెలకోసారి, రెండో ఆదివారం, నేను భువనగిరిల జనాన్ని వెంటబెట్టుకొని నడుస్త. కోటకింది పాత గల్లీలల్ల రజాకార్ల కాలంనాడు ఎవరు ఎక్కడ కొట్లాడిన్రు, ఎవరు ఎక్కడ పానం ఇడిసిన్రు, ఆ జాగల నిలబడే చెప్త.

ఈ పని నాకు నేర్పింది హన్నా. ఆమెది పోలండు దేశంల వార్సా పట్నం, యూదుల బిడ్డ. నేను చదువు పనిమీద ఆర్నెల్లు ఆడ ఉన్నప్పుడు ప్రతి ఆదివారం ఆమె నడకల తిరిగిన. యూదులను లోపలేసి కట్టిన గోడ ఏడిదాక ఉండెనో తెలిసేటట్టు ఆ ఊర్ల బాటమీదనే ఇనుప పట్టీలు పరిచిన్రు. హన్నా పట్టీకి ఇటొక కాలు అటొక కాలు పెట్టి నిలబడి, నేల కింద అరలు తవ్వుకొని హిట్లరు సిపాయిల మీద తిరగబడ్డోళ్ల సంగతి చెప్పేది. వాళ్లల్ల ఆమె నాయినమ్మ చెల్లె ఒకామె. ఒకనాడు నాతోని అన్నది: "పట్టుకపోయిన్రు అని ఊకె చెప్పకు మనీషా. ఎవరు పట్టుకపోయిన్రు, ఫలానా ఇల్లు అని వేలుపెట్టి చూపించిందెవరు, అది చెప్పు. పేర్లు చెప్పకుంటే జనం అదేదో గాలివాన వచ్చిపోయిందనుకుంటరు."

నేను వచ్చినంక అన్ని పేర్లు చెప్తుంటి. ఒక్క పేరు మింగుతుంటి. అది ముత్యంరావు పేరు.

మా అవ్వ గుర్వమ్మ, అంటే అమ్మను కన్నతల్లి, గొర్లు కాసే ఇంట్ల పుట్టింది. ఆమె అన్న ఐలేశం దొరల మీద, రజాకార్ల మీద కొట్లాడే సంఘంల ఉండె. వడిసెల తిప్పి రాయి ఇడిసిండంటే ఇరవై గజాల అవతల కోడిపుంజు తురాయి లేచిపోవాలె, అట్లాంటి గురి. నలభై ఎనిమిది ఎండకాలం ఒక మంగళవారం నాడు పటేలు ముత్యంరావు "రజాకార్లు వస్తున్నర్ర, మా ఇంట్ల దాస్త రా" అని పిలిస్తే పోయిండు. శుక్రవారం పొద్దుగాల శవమై వచ్చిండు. ఊరి బయట కాల్చిన్రని పటేలు చెప్పిండు. తల్లి శవానికి స్నానం చేపిస్తుంటే తొమ్మిదేండ్ల అవ్వ చెంబు అందించింది. ఒంటిమీద ఒక్క తూటా గాయం లేదు. పది గోర్లల్ల ఎర్రమట్టి. రెండు గోర్లు ఊడిపోయినయి.

పోలీసు చర్య అయిన తెల్లారే పటేలు ఖద్దరు టోపీ పెట్టిండు. ఇగ ఆ టోపీ ముంగట నోరు తెరిచేదెవరు?

మొన్న ఆ పటేలు మనుమడు మల్లికార్జున్ రావు ఒక నల్లరాయి చెక్కిచ్చిండు. రోడ్లేసే కాంట్రాక్టరు ఆయన, వచ్చే ఎలక్షన్ల నిలబడుతడని పేరు. సెప్టెంబరు పదిహేడున ఇంటి గోడకు బిగిస్తరట. "వీరుడు ఐలేశంను ప్రాణాలకు తెగించి మూడు దినాలు దాచిన ముత్యంరావు గృహం." ఆ ముచ్చట విన్నకాడికెంచి అవ్వ అన్నం సరిగ తింటలేదు.

"నా అన్న పేరు వాని గోడకెక్కొద్దు" అన్నది. "ఎక్కకముందే ఆ ఇంటోని నోటితోనే చెప్పిచ్చు. నేను సావకముందు."

అప్పుడే హన్నా సెలవుల మీద మా ఊరు చూసేటందుకు వచ్చింది. నేను రావుకు ఫోను చేసిన.

"సార్, పోలండు మేడం వచ్చింది. మీ తాత ముచ్చట ఆమెకు మీరే చెప్తే బాగుంటది."

"అట్లనా చెల్లె! తోలుకరా. చాయ్, బిస్కిట్లు నేను చూసుకుంట. వీడియో తీసేటోళ్లు గూడ మనోళ్లే ఉన్నరు."

వాడు వలల పడ్డడు. అవ్వ సంగతి గాని, నా మనసుల ఉన్నది గాని హన్నాకు నేను చెప్పలే. చెప్తే వద్దనేది.

ఆ ఆదివారం ఇరవై మందిమి నడిచినం. అవ్వ ఆటోల ముందే పోయి రావు పెరట్ల కుర్చేసుకొని కూసున్నది. ఆమె ఎవరో రావుకు తెల్వది. ఎవరో ముసలామె నడవలేక కూసున్నదనుకొని అందరికంటె ముందు ఆమెకే చాయ్ గ్లాసు ఇచ్చిండు.

ఆ పెరట్లనే పాతర. గింజలు దాసుకునే గొయ్యి అది. రెండు నిలువుల లోతు, లోపల కడుపు కుండలెక్క, మూతి మాత్రం మనిషి ఒక్కడు దిగేంత. చూసేటోళ్ల కోసం రావు దాన్ని ఊడిపిచ్చి, మూతి దాటకుంట ఇనుప నిచ్చెన దింపి, బల్బు పెట్టిచ్చిండు. మూత బండ పక్కకు ఒరిగి ఉన్నది.

రావు గొంతు సవరించుకున్నడు. "మేడం, ఐలేశంను మా తాత గిండ్లనే దాసిండు. రజాకార్లు ఇల్లంత గాలిచ్చిన్రు. దొరికితే ఇద్దర్ని కాల్చేటోళ్లు. నాలుగోనాడు ఐలేశమే మా తాత మాట ఇనకుంట బయటికి పోయి, పాపం, తూటాకు బలయిండు."

నేను ఇంగ్లీషుల చెప్పిన. హన్నా గొయ్యి అంచుకు మోకాళ్లేసి లోపలికి చూసింది. బాయిలు తవ్వే మా మేనమామ బాయిలకు చూసినట్టే చూసింది, పనితనం తెలిసిన చూపు.

"గాలి ఎట్ల వచ్చేది?" అన్నది. "మావోళ్లు నేల కింద అర తవ్వితే అన్నిటికన్న ముందు గాలిగొట్టం సంగతి చూసుకునేటోళ్లు. ఆ గొట్టం దొరికితే శత్రువు అండ్లకెల్లే పొగ ఇడిసేటోడు. ఇక్కడ గొట్టం ఏది?"

నేను అడిగిచ్చిన ప్రశ్న గాదది. కాని నాకు అంతకంటె మంచి ప్రశ్న దొరికేది గాదు.

"గాలెందుకు మేడం?" రావు నవ్విండు. "ఎండకాలం గూడ లోపల మస్తు చల్లగుంటది."

"మూత ఊకె పెట్టిన్రా సార్, మట్టి మెత్తిన్రా?" నేను అడిగిన.

"మెత్తకుంటే దొరకడా చెల్లె? మా తాత సొంత చేతులతోని మెత్తిండు!"

"అప్పుడు లోపల గింజలున్నయా?"

"సగందాక జొన్నలు. వాటి మీదనే పండుకున్నడు, పరుపు లెక్క."

వెనుక ఎవరో దగ్గిన్రు. మా నడకకు ఎప్పుడూ వచ్చే ఎల్లేశం, పాతబజారు రైతు, తలగుడ్డ తీసి చేతుల పట్టుకున్నడు.

"పటేలా, మెత్తిన పాతరల మూడొద్దులా? గింజలు గాలంత గుంజుకుంటయి. మూత తీసినంక గూడ మేం పూటంత ఆగుతం. ముందుగాల కందీలు దీపం దింపి చూస్తం. కందీలు ఆరిపోయిందంటే మనిషి గూడ ఆరిపోతడు. గిది మీ తాతకు ఎరుక లేదా?"

రావు మొఖం మీద నవ్వు అట్లనే ఉన్నది, కండ్లల్ల మాత్రం లేదు. "అప్పటి మనుషులు గట్టోళ్లు కాకా. ఓర్సుకుంటరు."

"నువ్వు గట్టోనివే గదా బిడ్డా" అన్నది అవ్వ కుర్చీలకెల్లి. "గింజలు గూడ లేవాయె. ఊడిపిచ్చి పెట్టినవు. దిగు. మూత ఏస్తం. మూడొద్దులు వద్దు, గీ చాయ్ నేను తాగేదాక."

ఫోన్లు అన్నీ ఆయన దిక్కే తిరిగినయి. అవి ఆయన తెప్పిచ్చినయే. దిగనంటే తాత కథ అక్కడనే కూలుతది. రావు పకపక నవ్వి, "ముసలవ్వ ముచ్చట ఎందుకు కాదనాలె" అనుకుంట, చెప్పులిడిసి నిచ్చెన దిగిండు. నేను బల్బు బందు చేసిన. బండను అటు ఎల్లేశం, ఇటు నేను పట్టి జరిపినం. మూతికి సరిగ్గ కూసున్నది. నేను దానిమీద ఎక్కి నిలబడ్డ.

"మనీషా, ఇదేంది?" హన్నా నా రెక్క పట్టుకున్నది.

అవ్వ చాయ్ ఊదుకుంట ఒక గుక్క తాగింది. రెండో గుక్కకు లోపలికెల్లి నవ్వినట్టు సప్పుడు. మూడో గుక్కకు "సాలు సాలు, తియ్యిండ్రి" అన్నడు. అవ్వ గ్లాసు దించి, కొంగుతోని మూతి తుడుసుకొని, మల్లా ఎత్తింది. లోపల నిచ్చెన దడదడమన్నది. బండ కింద అరచేతులు కొడుతుంటే నా పాదాలకు తెలుస్తుండె. చెప్పాలంటే, నాకు బాగనిపించింది. డెబ్బై ఐదేండ్లు మా ఇంట్ల ఎవరికీ దొరకని సుఖం అది.

"తియ్యిండ్రి! నేనేం చేసిన? మూసింది నేను గాదు!" ఆ గొంతు మారిపోయింది. "మా తాత మూసిండు! వాడు మొత్తుకుంటుంటే మా తాత బండమీద కూసున్నడట! నేను గాదు, నేను గాదు!"

నేను నా కాళ్ల దిక్కు చూసుకున్న. ఆడనే నిలబడి ఉన్న. హన్నా రెండు చేతులతోని నన్ను నూకి, ఎల్లేశంతోని కలిసి బండ జరిపింది.

రావు పాకుకుంట వచ్చి మట్టిల కూలబడ్డడు. తెల్ల అంగి ఎర్రగయింది. వీడియో తీసేటోడు ఫోను ఆపాల్నో వద్దో తెల్వక నన్నే చూస్తున్నడు.

అవ్వ లేచి ఆయన ముంగటికి వచ్చింది. "ఐలేశం చెల్లెను నేను" అన్నది. "ఎంతసేపు కూసున్నడు?"

"నాకేం ఎరుక అవ్వా..."

"ఎరుకనే. చెప్పు."

ఆయన తల ఎత్తలే. "సప్పుడు బందయ్యేదాక, అని మా తాత మా నాయినకు చెప్పిండట. సచ్చేముందట చెప్పిండట."

ఆ మాట అవ్వకు కొత్తది. చంపిండని తెలుసు, కూసున్నడని తెల్వది. ఆమె పాతర అంచుదాక పోయింది. నేను పట్టుకోబోతె నా చెయ్యి ఇదిలిచ్చుకున్నది.

ఆ నల్లరాయి ఏ గోడకూ ఎక్కలే. వీడియో పొద్దుగూకెవరకే అవతలున్న మోత్కూరుదాక పోయింది. గాని అవన్నీ తర్వాతి ముచ్చట్లు. అప్పటికైతె మేం గల్లీలకు వచ్చి, అవ్వను ఆటోల కూసోబెట్టినం. ఆటో కదిలే ముందు హన్నా నా దిక్కు తిరిగింది.

"నీకు నేను పేరు చెప్పమన్న. మూత ఎయ్యమనలే" అన్నది. "మావోళ్ల చావు నుంచి నేర్సుకున్నది నువ్వు ఇట్ల వాడుతవని తెలిస్తే నేను ఆ గాలి సంగతే అడగకపోయేదాన్ని. నువ్వు చేసింది తప్పు."

అవ్వ నా భుజం మీద తట్టింది.

"దొరసాని ఏమంటాంది?"

"తప్పు చేసినమంటాంది అవ్వా."

"ఎంతసేపు మూసినం?"

"రెండు నిమిషాలు గూడ గాలేదు."

అవ్వ హన్నా చెయ్యి తీసుకొని తన ఒళ్లె పెట్టుకున్నది, సొంత బిడ్డ చెయ్యి లెక్క.

"తక్కువే అయిందని చెప్పు" అన్నది.