కరుణ రాసిన పైథాన్

"ఆమెకేంది, పొద్దుగాల పోయి ఒక్క బటన్ ఒత్తుతది, ఇగ పొద్దుమూకేదాక సల్లగ కూసుంటది" అని కింది వాటా నీలమ్మ కాలనీ అంతా చెబుతోందట. ఆ మాటను ఇస్త్రీ బండి సత్తెమ్మ మోసుకొచ్చి అప్పజెబితే కరుణ నవ్వి, డబ్బా సంచిలో సర్దుకుని లింగంపల్లిలో రైలెక్కింది. నీలమ్మ మాట పూర్తిగా అబద్ధమూ కాదు.

జిల్లాల్లోని చిన్న ల్యాబులు చేయించే రక్తపరీక్షల రిపోర్టులు సర్ది తిరిగి ఆ ల్యాబులకే పంపడం ఆమె ఆఫీసు పని. రోజూ పొద్దున్నే కరుణ, కంప్యూటర్ చేయాల్సిన పనులు వరుసగా రాసి ఉన్న ఒక బ్యాచ్ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తుంది. నల్ల తెర లేస్తుంది, తెల్ల అక్షరాలు ఉరుకుతాయి, రిపోర్టులు వెళ్లిపోతాయి. కాంట్రాక్టు మీద చేరిన కొత్తలో ఆ ఫైలు రాసింది ఆమే. అప్పటి నల్లజడ ఇప్పుడు చెవుల దగ్గర నెరిసింది. అద్దాలు మందమయ్యాయి. మౌసు పట్టే మణికట్టుకు పట్టీ పడింది.

బ్యాచ్ ఫైలు అడ్డా మీది మేస్త్రి లాంటిది. చిన్నచిన్న మోతలు తానే మోస్తుంది, చేతకాని పనికి ఇంకొకరిని పిలుస్తుంది. తేదీల లెక్కకు పవర్‌షెల్ అనే ప్రోగ్రాము, ఎక్సెల్ షీట్లు చదవడానికి పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రాము. పైథాన్ ముక్కలు ఇన్నాళ్లూ పక్క సీటు కుర్రాడు ఆకాష్ రాసిచ్చేవాడు.

ఈ నెలాఖరుకు కరుణ కాంట్రాక్టు తీరుతుంది. "పైథాన్ వచ్చినవాళ్లనే ఉంచమన్నారండి. మీరు సొంతంగా ఒకటి రాసి నడిపి చూపించండి, మీ పేరు పంపుతాను" అంది టీమ్ లీడ్ ప్రియదర్శిని. భీమవరం వైపు పిల్ల, మర్యాదకు లోటు చేయదు. అప్పటినుంచి కరుణ రైల్లో నిలబడి ఫోన్లో పాఠాలు చూసింది, కుక్కరు కూతల మధ్య రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది.

చూపించాల్సిన రోజు ఇదే. వెనకాల ప్రియదర్శిని, ఆకాష్ నిలబడ్డారు. పాత ఫైలు బదులు, తన పైథాన్‌ను పిలిచేలా రాసిన కొత్త బ్యాచ్ ఫైలు మీద కరుణ క్లిక్ చేసింది. నల్ల తెర లేచి, కన్నుకొట్టినట్టు మూసుకుపోయింది. తప్పనీ చెప్పలేదు, ఒప్పనీ చెప్పలేదు. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే.

ఇంతలో ఫోన్ మోగింది. సిద్దిపేట ల్యాబు రామచంద్రం.

"అమ్మా, ఈడ ఒక పిలగానికి డెంగీ అనుమానం. ప్లేట్‌లెట్ల రిపోర్టు ఇంక రాలే. డాక్టర్ నా మీద లేస్తున్నడు."

"జర ఆగన్నా, ఇగో పంపుతున్న."

ఆ ఒక్కటీ వెతికి చేత్తో పంపింది. తర్వాత పాత ఫైలు తెచ్చి నడిపింది. అది ఏమీ ఎరగనట్టు మిగతావన్నీ పంపేసింది. వెనక్కి తిరిగేసరికి ప్రియదర్శిని మీటింగుకు వెళ్లిపోయింది.

అన్నం డబ్బా పక్కన పెట్టుకుని కరుణ వెతికింది. పైథాన్‌లో ఒక్క తప్పు లేదు. దాన్ని నడపడానికి ముందు ఇంకో చిన్న బ్యాచ్ ఫైలును పిలవాలి. అలా పిలిచేటప్పుడు ముందు 'కాల్' అని రాయాలి, లేకపోతే పని అటే పోతుంది, తిరిగి రాదు. నిద్రలో లేపి అడిగినా చెప్పే సంగతి. ఒక్కో వరుసా విడిగా కొట్టి చూసినప్పుడు అన్నీ నడిచాయి గనక నమ్మింది. ధ్యాసంతా కొత్తదాని మీదే పెట్టింది, పాతదాంట్లో జారింది. ఆ ఒక్క మాట చేర్చి నొక్కింది. గలగలా నడిచింది. చూసినవాడు పక్క సీటు ఆకాష్ ఒక్కడే.

సాయంత్రం మెయిల్ వచ్చింది. ఉండేవాళ్లలో కరుణ పేరు లేదు. రెండుసార్లు చదివి, కంప్యూటర్ ఆపి, టీకి వెళ్లింది.

ప్యాంట్రీలో సమోసాల చుట్టూ టీమంతా ఉంది. ఆకాష్‌కు మనసాగలేదు.

"మేడం, కరుణక్క పైథాన్ పక్కాగున్నది. నేను చూసిన. ఒక్క లైన్ గూడ ముట్టుకునే పని లేదు."

ప్రియదర్శిని కప్పు కింద పెట్టి, "అవునాండీ?" అన్నట్టు కరుణ వైపు చూసింది.

కరుణ వేళ్లకంటిన నూనె కాగితానికి తుడుచుకుంది.

"పక్కాగుంటే ఏంది ఆకాష్? పిలగాని రిపోర్టు టైముకు పోలే గద."