పుస్తకం వెన్ను మీద పేరు

అట్టకు జిగురు పూసి, అంచులు మడిచి, చెక్క బద్దతో నొక్కుతున్నాడు అప్పలసామి. బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలోని ఆ బైండింగు షాపులో ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. వేళ్ళ సందుల్లో జిగురు తెల్లగా పొరలు కట్టింది.

బల్ల మీదున్నవి ప్రొఫెసర్ దేవన్ పుస్తకం ప్రతులు ఆరు. నాలుగింటికి ఆవిష్కరణ సభ, వేదిక మీది పెద్దలకు ఇవ్వాలి. సైబీరియాలో మన్సీ భాష మాటల్ని తొలి యాత్రికులు ఎలా రాసుకున్నారన్నది విషయం. పన్నెండో పేజీలో వాళ్ళను కడిగిపారేశాడు: మాటలు పట్టుకెళ్ళి, చెప్పినవాళ్ళను 'ఒక వేటగాడు', 'ఒక ముసలిది' అని వదిలేశారట. గురివింద గింజ తన కింది నలుపెరగదు. పోలిక కోసం చివర్లో నాలుగువందల తెలుగు మాటలు చేర్చాడు. కింద సుంగై సుమున్ అని, సముద్రం దాటి వలసొచ్చిన తెలుగు కూలీల తోట ఊరి పేరుంది, సంవత్సరం ఉంది. చెప్పినది మాత్రం 'ఒక తోటకూలీ స్త్రీ'.

ఆ స్త్రీ అప్పలసామి తల్లి కూర్మమ్మ. తొమ్మిది సాయంత్రాలు దేవన్‌కు టీ పోసి మరీ మాటలు చెప్పింది. "నీ పేరు బుక్కులో ఏస్తానమ్మా" అన్నాడతను. "బుక్కు వచ్చినాదా నాయనా?" అని ఆమె పోయేదాకా అడిగింది. అప్పలసామి ప్రతిసారీ "వస్తాదమ్మా" అనేవాడు.

నిన్న పేజీల వరస చూస్తూ ఆ లైను చదివాడు.

వెన్ను మీద దేవన్ పేరు కొట్టమని చీటీ ఉంది. దాన్ని జిగురు గిన్నె కింద పెట్టి, ఇత్తడి అక్షరాల్లోంచి తల్లి పేరు ఏరి మెషిన్లో బిగించి వేడెక్కించాడు. బంగారు రేకు వేసి ఆరుసార్లు నొక్కాడు. తప్పు చేస్తున్నానా అని తనను తాను అడిగి చూసుకున్నాడు. లేదనిపించింది, హాయిగా కూడా ఉంది.

మూడున్నరకు దేవన్ వచ్చి, ఒక ప్రతి తీసి వెన్ను చదివాడు.

"ఇదేటి? నా పేరేదీ?" ఆ తెలుగు కూర్మమ్మ నేర్పిందే.

"మా అమ్మకి మాటిచ్చినారు సార్. మీరు మర్సిపోనారు, నానేసినాను."

"మార్చు లా." కంగారులో దేవన్ మాట చివర ఇక్కడి వాళ్ళ 'లా' తగిలింది. "సభకి ఎలాగ ఎల్లాల?"

"అట్టలు సింపాల సార్. రెండ్రోజులవతాది."

షాపు యజమానురాలు సెలీనా లేచి వచ్చి, వెన్నులు చూసింది. "రేపట్నించి రావద్దు అంకుల్" అంది.

"సరేనమ్మా" అన్నాడు. అది తెలిసే నొక్కాడు.

దేవన్ పుస్తకాల్ని వెన్నులు లోపలికి తిప్పి చంకన పెట్టుకుని వెళ్ళాడు. వేదిక మీద పంచేటప్పుడు వాటిని దాచడానికి చంక చాలదు.

అప్పలసామి చేతులు కడుక్కుని, ఆప్రాన్ మేకుకు తగిలించి, రైలు స్టేషను వైపు నడిచాడు. మెషిన్లో ఇత్తడి అక్షరాలు కూర్మమ్మ పేరును తిరగేసి పట్టుకుని, ఇంకా వేడిగానే ఉన్నాయి.