హజరత్తయ్యకు మూడో ఈత

హజరత్తయ్య ఫోను ప్రేమలీల బల్ల మీద పెట్టి, "ఇదేందో చదివి చూడు తల్లీ" అన్నాడు.

ప్రేమలీల చదివింది. "మీ గంగాభవానికి ఎద లక్షణాలు కనిపిస్తే వెంటనే పశువైద్యశాలకు తీసుకురండి."

"గంగాభవాని నా పడవ. కట్టించి ఆరేళ్ళయినాది. ఇంతవరకూ దానికి అట్టాంటి బుద్ధులు లేవు."

ఆఫీసంతా నవ్వింది. ప్రేమలీల మాత్రం గడియారం వైపు చూసింది. నెల్లూరులోని ఆ చిన్న కంపెనీ పడవల వాళ్ళకు తుఫాను హెచ్చరికలు, పశువుల వాళ్ళకు టీకాల కబుర్లు పంపే సాఫ్ట్‌వేర్ చేసింది. ఏ సమాచారం ఎక్కడ పుట్టి ఎటు పోతుందో గడులతో, గీతలతో డయాగ్రాములు గీయడం ఆమె పని. సముద్రంలో వాయుగుండం ఉంది. నాలుగింటికి హెచ్చరిక పోవాలి. అది ఏ గేదెల కొట్టానికి పోతుందో!

"నా తమ్ముడు ముత్యాలయ్య తెల్లారే దాంట్లో వేటకు పోయినాడు" అన్నాడు హజరత్తయ్య.

మేనేజరు సుశీల్ కుమార్ తల కూడా ఎత్తలేదు. "అరవై మూడు డయాగ్రాములూ ప్రింటు తీసి వెతుకు."

ఆమె ఆ మాట వినిపించుకోలేదు. పడవల డయాగ్రాములో 'యజమాని' అన్న గడి మీద మౌస్ కుడి బటన్ నొక్కింది. తెరుచుకున్న మెనూలో నాలుగేళ్ళుగా ఎవరూ ముట్టని ఒక వరుస కనిపించింది: 'ఎక్కడెక్కడ వాడారు'. నొక్కగానే పదిహేడు డయాగ్రాముల జాబితా పడింది. పడవలకూ పశువులకూ ఒకే గడి. పోయిన వారం పశువుల కోసం దాన్ని మార్చారు, దాంతో పడవలూ పశువులైపోయాయి.

"సార్, ఇది మీరే లింకు చేసినారు."

"కాపీ చేసినా."

"కాపీ కాదు సార్, లింకు."

"రెండింటికీ తేడా ఏంది?" అన్నాడు పదకొండేళ్ళ అనుభవమున్న సుశీల్ కుమార్.

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. వెతికితే ఇంకో గడి కూడా కలిసిపోయి ఉంది: 'ఈత'. పడవ మనిషికి ఈత వచ్చా అని అడిగేదీ, గేదెకు ఎన్నో ఈత అని అడిగేదీ అదే. హజరత్తయ్య వివరాల్లో 'ఈత: మూడు' అని ఉంది.

"నేను మూడుసార్లు ఈనినానా తల్లీ?" అన్నాడాయన, పక్క కుర్చీ లాక్కుంటూ. "మా ఇంటిదానికి చెప్పమాక."

ఆయన జాబితాలోని ఒక్కొక్క డయాగ్రాము పేరూ చదువుతుంటే ఆమె పడవ యజమానిని ఒక గడిగా, పశువుల యజమానిని ఇంకో గడిగా విడదీసి గీతలు మార్చింది. తర్వాత పక్క బల్ల మీది రెబెక్కమ్మ దాని ప్రకారం ప్రోగ్రాము సరిచేసింది. నాలుగు దాటి పది నిమిషాలకు హజరత్తయ్య ఫోను మోగింది. సముద్రం అల్లకల్లోలంగా ఉంది, ఒడ్డుకు రండి.

ఆయన బయటికి పరుగెత్తాడు. ఆరింటికి ఫోను చేశాడు. "గంగాభవాని ఒడ్డెక్కింది తల్లీ. తమ్ముడు గూడా మెసేజి చూసే తిరిగినాడంట. వల పోయినాది, పోనీ."

ప్రేమలీలకు అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటినుంచీ ఏమీ తినలేదని. క్యారియర్ తెరిచి, 'మా టీము చాకచక్యంగా లోపం పట్టుకుంది' అని సుశీల్ కుమార్ పైవాళ్ళకు పెట్టిన మెయిలు చదువుకుంటూ, చల్లారిన పులిహోర అంతా తినేసింది.