వంపుబద్ద

"గరిటె కూడా కాదు, ఉత్త బద్ద. దానికి నాలుగు రోజులేందే?" అంది అత్త ఆదిశేషమ్మ.

వరదమ్మ ఒడిలో ఉన్న, గరిటెలు చెక్కే నర్ది చెక్క అంచును ఆకురాయితో రుద్దుతూనే ఉంది. ధాత నామ సంవత్సరపు కరువు ముదిరిపోయింది. ఉదయగిరిలో గరిటెలు కొనేవాళ్లు లేక మూడు నెలలైంది. వండుకోవడానికే లేనప్పుడు గరిటె ఎవరిక్కావాలి? అలాంటి రోజుల్లో ఆత్మకూరు కచేరి గుమాస్తా నారాయణయ్య వచ్చి, దొరగారికి గీత గీసుకోవడానికి వంపు తిరిగిన బద్ద కావాలని ఒక కాగితం ఇచ్చి పోయాడు. దాని మీద పాతిక చుక్కలున్నాయి. బద్ద అంచు ఆ చుక్కలన్నిటినీ ఒరుసుకుంటూ పోవాలి.

మొగుడు సిద్ధయ్య రెండు చెక్కలు పాడు చేశాడు. మూడోదాన్ని ఆమె ముందు పడేసి "నునుపు చెయ్యి" అన్నాడు. నునుపు చెయ్యడమంటే ఆ ఇంట్లో ఏమిటో ఆమె ఒక్కదానికే తెలుసు. అతను మొరటుగా చెక్కి వదిలిన గరిటెకు గుంట, మెడ, కాడ తెచ్చేది ఆమే. సంతలో మాత్రం అందరూ సిద్ధయ్య పనితనం అనేవాళ్లు. "మొగోడు చెక్కతాడు, ఆడది రుద్దుద్ది" అని పెళ్లైన కొత్తలోనే అత్త చెప్పింది. పన్నెండేళ్లుగా రుద్దుతూనే ఉంది. వరదమ్మ నూలుపోగు తడిపి చుక్కల మీదుగా పరిచింది. మొదట నేలబారుగా సాగిన పోగు చివరి చుక్కల దగ్గర కొండెక్కినట్టు లేచింది. ఎందుకంత ఆయాసపడి లేస్తోందో అర్థం కాక చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఆ వంపునే చెక్కకు ఎక్కించింది.

బద్ద దొరకు నచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ కబురొచ్చింది. ఈసారి కచేరిలోనే కూర్చుని ఇంకొకటి చెయ్యాలట. సిద్ధయ్య ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాడు. "నోరు మూసుకుని రుద్దు. ఏమడిగినా నేను చెప్తా" అన్నాడు దారిలో.

కచేరిలో దొర ఆమె చేసిన బద్దను కాగితానికి ఆనించి గీతకు ఇంకో నకలు తీస్తున్నాడు. గీత చివరి చుక్కను దాటి ఖాళీలోకి పోయింది. వరదమ్మ ఉండబట్టలేకపోయింది.

"చుక్కలు అయిపోయినాయి గదయ్యా. గీత ఇంకా పోతా ఉండాదే?"

నారాయణయ్య నవ్వాడు. "ఒక్కో చుక్క ఒక్కో ఏటి సర్కారు అప్పు. ఆ ఖాళీ రాబోయే ఏళ్లు. నీ మొగుడి బద్ద పుణ్యాన ఇరవయ్యేళ్ల తర్వాతి అప్పు ఇప్పుడే కనపడతా ఉండాది. అది చూసి పైవాళ్లు జడుసుకున్నారు. కరువు పనుల్లో కూలి తగ్గించినారు, ముందు ఆడకూలి. తగ్గిస్తే అప్పు ఎట్ట దిగుద్దో ఇప్పుడు చూపించాల. అందుకే దొర కిందికి వంగే బద్ద అడగతన్నాడు."

"దిగే చుక్కలు ఏవీ?"

"ముందు మీరు వంపు తీసుకురండి. చుక్కలు మేం పెట్టుకుంటాం."

"అట్టనే చేస్తాం సామీ" అన్నాడు సిద్ధయ్య.

వరదమ్మ తల్లి దేవకమ్మ ఆ ఊరి బాట మీదే కరువు పనిలో కంకర కొడుతోంది. చూసి వస్తానని వరదమ్మ లేచింది. తల్లి రాళ్లగుట్ట పక్కన కూర్చుని ఉంది. రెండు దెబ్బలకోసారి సుత్తి దించి ఊపిరి తీసుకుంటోంది.

"ఏదో గీత గీసినారంటమ్మా" అంది దేవకమ్మ. "మాకు కూలిస్తే సర్కారు మునిగిపోద్దని అందులో ఉండాదంట."

వరదమ్మ తన వేళ్లను చూసుకుంది. అరిగిన గోళ్ల సందుల్లో ఇంకా చెక్కపొడి ఉంది. ఇన్నేళ్లలో తన చేతి పని ఏదీ తన పేరుతో గడప దాటలేదు. మెప్పు మొగుడిది, కూలి అత్తది. ఈ పాపం కూడా లోకానికి సిద్ధయ్య పేరుతోనే తెలుస్తుంది. కానీ తల్లి గిన్నెలో గింజలకు కోత పెట్టింది తన వేళ్లే. ఆ మాట తల్లికి చెప్పాలనుకుంది. చెప్పకుండానే తల్లి చేతిలోంచి సుత్తి తీసుకుని ఆమె రాళ్లు తనే కొట్టింది. ఆ సాయంత్రం కచేరికి తిరిగి వెళ్లలేదు. మర్నాడు కూలివాళ్ల పేర్లు పట్టీలో రాసేవాడి ముందు నిలబడింది.

నాలుగో రోజు సిద్ధయ్య వెతుక్కుంటూ వచ్చాడు.

"మూడు చెక్కలు పోయినాయి. వంపు కుదరడం లేదు. పద."

"చెక్కేది నువ్వు గదా. నేను ఉత్త రుద్దేదాన్ని."

"దొర కసురుకుంటన్నాడు. నీ చెయ్యి పడకపోతే కాదు, వరదా." పన్నెండేళ్లలో అతను ఆ మాట అనడం అదే మొదలు. అదైనా ఎవరూ వినకుండా, గొంతు తగ్గించి అన్నాడు. ఆమె కదలకపోయేసరికి గొంతు మారింది. "ఆ ముష్టి కూలికి ఈడ కూచుంటావా? అంతకంటే ఎక్కువ ఇస్తాడు దొర."

"నీకిస్తాడు" అంది వరదమ్మ. "ఈ కూలికి కోత పెట్టింది నేనే. తక్కువే, నాకు తెలుసు. అయినా ఈడ పట్టీలో వరదమ్మ అని రాసుకున్నారు."

ఇంకో రాయి ముందుకు లాక్కుని సుత్తి ఎత్తింది.