పాకాల నుంచి వచ్చిన డోనర్ కారు

చక్రధర్ తిరుపతిలో ఇన్సూరెన్స్ సర్వేయర్. యాక్సిడెంట్ అయిన బండ్లను చూసి రిపోర్టులు రాయడం అతని పని. రోజంతా నుజ్జయిన కార్లు చూసి చూసి, తన చేత్తో ఒక కారు చేయాలన్న కోరిక పట్టుకుంది. కోయంబత్తూరులో ఒకాయన దగ్గర నుంచి ఇద్దరు కూర్చునే చిన్న కారు ఫ్రేమూ, ఫైబర్ బాడీ ముక్కలూ, డ్రాయింగులూ తెప్పించుకుని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు. దాన్ని రోడ్డెక్కించడానికి అనుమతి రాదని అతనికి తెలుసు. చంద్రగిరి దగ్గర స్నేహితుడు జయరామ్‌కు మామిడితోట ఉంది. అందులో తిప్పుకుంటే చాలనుకున్నాడు.

ఇంజను, గేర్‌బాక్సు, చక్రాల సామాను మాత్రం ఒక పాత మారుతి 800 నుంచి తీసుకోవాలి. అలా తన అవయవాలిచ్చే బండినే డోనర్ కారంటారు. దానికోసం చక్రధర్ చాలా తిరిగాడు. నాయుడుపేటలో ఒకటి పెళ్లికొడుకులా మెరుస్తోంది గానీ, సీటు కింద కార్పెట్ ఎత్తితే ఎండిన ఒండ్రు కనిపించింది. వరద నీళ్లలో మునిగిన బండి. చిత్తూరులో చూసిన దానికి మూడో గేరు నిలవడం లేదు. అమ్మేవాడు "కంపెనీ కండిషన్ సార్" అంటుంటే చక్రధర్ నవ్వుకుని వచ్చేశాడు. ఈ విషయాల్లో తనను ఎవరూ మోసం చేయలేరని అతనికి గర్వంగా ఉండేది.

చివరికి పాకాలలో దొరికింది. సొంతదారు సుబ్రమణ్యం రైల్వే బుకింగ్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. చిన్నతనంలో పోలియో వచ్చి రెండు కాళ్లూ పనిచేయవు. అందుకని ఆ కారుకు స్టీరింగ్ పక్కన ఒక చేతి లివర్ ఉంది. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటరు. క్లచ్‌కు గేర్ రాడ్ మీద ఇంకో పిడి. వేలూరులో ఒక మెకానిక్ చేత చేయించుకున్నాడట.

చక్రధర్ బానెట్ ఎత్తి ఇంజన్ శబ్దం విన్నాడు. ఆయిల్ మూత తీసి పొగ వస్తోందేమో చూశాడు. సుబ్రమణ్యం స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి, తర్వాత రెండోవైపు తిప్పి, బండిని ఇంటిముందు గుండ్రంగా నడిపి చూపించాడు. ఎక్కడా టకటకమనలేదు.

"ఇంత బాగుండే బండిని ఎందుకమ్ముతున్నారు సార్?"

"బుజం పోయిందప్పా. చక్రాల కుర్చీలోంచి సీట్లోకి ఎక్కాలంటే బుజాలే గదా నాకు కాళ్లు. డాక్టరు వద్దన్నాడు." ఆయన లివర్ మీద చెయ్యి వేసి ఆగాడు. "నువ్వు దీన్ని విప్పేస్తావని తెలుసు. విప్పుకో. ఇంజను ఇంకో బండిలో ఉంటే మంచిదే. ఈ లివర్ సెట్టు మాత్రం తీసి పక్కన పెట్టు. మా ఈదిలో మహిత అని ఒక పాప ఉండాది. బస్సు యాక్సిడెంట్లో నడుము కింద పట్టు పోయింది. అదీ ఇట్లాంటి బండే కొనుక్కుంటానంటాది. దానికి పెట్టిద్దాం."

"ఇప్పుడే విప్పి ఇచ్చేయమంటారా?"

"విప్పితే నేనెట్లా తోలుకొచ్చేది?" అని ఆయన నవ్వాడు. "తిరుపతి దాకా నేనే తెచ్చిస్తా. ఆఖరిసారి."

అన్నట్టే ఆదివారం పొద్దున భార్య పంకజాక్షిని పక్కన కూర్చోబెట్టుకుని తానే నడుపుకుంటూ వచ్చాడు. షెడ్డు ముందు ఆపి, కొంచెంసేపు దిగలేదు. పంకజాక్షి కొంగుతో డాష్‌బోర్డు తుడిచింది. వెళ్లేటప్పుడు ఆమె చక్రధర్‌తో మెల్లగా అంది. "ఆ లివర్ మర్సిపోవద్దు నాయనా. ఈయనకు దాని మీదే ద్యాస."

"అయ్యో, ఎట్లా మర్చిపోతానమ్మా!"

చక్రధర్ ఆ కారును విప్పిన తీరు చూసి జయరామ్ ఆశ్చర్యపోయాడు. ప్రతి బోల్టునూ కిరోసిన్‌లో కడిగి డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ అంటించాడు. పనికొచ్చే చిన్న క్లిప్పును కూడా పారేయలేదు. లివర్ సెట్టు మాత్రం గోడవార పడి ఉండేది. కాలికి తగిలినప్పుడల్లా దాన్ని ఇంకో మూలకు నెట్టేవాడు.

మిగిలిన బాడీ డొల్ల తీసుకెళ్లడానికి పాత ఇనుము అంగడివాళ్లు ట్రాక్టరుతో వచ్చిన రోజు షెడ్డంతా ఊడ్చినట్టు ఖాళీ చేయాలనుకున్నాడు. తలుపులు, సీట్లు, సైలెన్సరు ఎక్కించాక ఆ లివర్ చేతికొచ్చింది. సుబ్రమణ్యం మాట గుర్తొచ్చింది. రెండు పాత పైపులు, ఒక తుప్పు పిడి. ఆ పిల్ల కారు కొనేదెప్పుడు, ఈయన అడిగేదెప్పుడు అనుకున్నాడు. ట్రాక్టరులోకి విసిరేశాడు. అది రేకు మీద పడి ఖంగుమంది.

వేసవి దాటాక సుబ్రమణ్యం ఫోను చేశాడు. గొంతులో సంతోషం పొంగుతోంది.

"చక్రధరా, మహిత బండి కొనేసిందప్పా! అదీ మారుతి ఎనిమిదొందలే. మన లివర్ సక్కగా కూర్చుంటాది. యాడుండాది అది?"

"ఈడనే ఉండాది సార్. భద్రంగా ఉండాది." నోరు తనంతట తానే అనేసింది.

ఫోను పెట్టేసి నేరుగా పాత ఇనుము అంగడికి పోయాడు. ఆ సరుకు ఎప్పుడో లారీకెక్కి వెళ్లిపోయిందన్నారు. ఆ క్షణంలో ఫోను చేసి నిజం చెప్పి ఉంటే సరిపోయేది. చక్రధర్ అలా చేయలేదు. అచ్చం అలాంటిదే తయారుచేస్తే ఎవరికి తెలుస్తుందనుకున్నాడు. విప్పకముందు తీసిన ఫొటోలు ఉన్నాయి. పైపులు కోసి, వెల్డింగ్ చేసి, పిడి బిగించాడు. కానీ అది కొత్తగా మెరుస్తోంది. దాంతో గ్రైండరు పెట్టి వెల్డింగ్ అతుకును అరగదీశాడు. ఎమెరీ పేపరుతో అంచులు రుద్దాడు. ఉప్పునీళ్లు చల్లి రెండు రోజులు ఎండలో పడేసి, తుప్పు పట్టాక నూనెగుడ్డతో తుడిచాడు. పని అయ్యాక దూరంగా పెట్టి చూసుకుని, అచ్చుగుద్దినట్టు ఉందని మురిసిపోయాడు కూడా.

పాకాలలో సుబ్రమణ్యం ఇంటి వరండాలో మహిత చక్రాల కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. ఆమెకు గ్రామ సచివాలయంలో ఉద్యోగం. రోజూ ఆటో కోసం, ఎక్కించే మనిషి కోసం కాచుకోవాలట. పంకజాక్షి అందరికీ కాఫీ తెచ్చింది.

సుబ్రమణ్యం లివర్‌ను రెండు చేతులా అందుకున్నాడు. పిడి చుట్టూ వేళ్లు మూసి, తెరిచి, మళ్లీ మూశాడు. ముఖంలో ఏదో అయోమయం.

"పిడి మార్సినావా అప్పా?"

"కొంచెం శుభ్రం చేసినా సార్."

"అదా సంగతి," అన్నాడాయన. నమ్మాలని నమ్మినట్టున్నాడు. లివర్‌ను మహిత ఒళ్లో పెట్టాడు. "ఇదిగో పాపా. ఇన్నేండ్లు నన్ను మోసింది."

మహిత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బ్రేకంటే ఇదొక్కటే గదా నాకు? గట్టిగా నెడితే తట్టుకుంటాది గదా సార్? వెనకాల లారీ వస్తాంటే నాకు ఇంకే దారీ లేదు."

ఆమె వేలు సరిగ్గా వెల్డింగ్ మీద ఉంది. పాతదిలా కనిపించాలని తాను అరగదీసిన చోటు. అక్కడ లోహం ఎంత పలచబడిందో చక్రధర్‌కు అప్పుడు తెలిసింది. ఇంకొకరి బండిలో అలాంటి అతుకు చూసి ఉంటే నేరమని రిపోర్టులో రాసేవాడు. చేయి చాచి లివర్‌ను లాక్కున్నాడు.

"ఇది వద్దమ్మా. పెట్టొద్దు. విరిగిపోతాది."

"ఏమప్పా, ఏమైంది?" అన్నాడు సుబ్రమణ్యం.

"ఇది మీది కాదు సార్. నేను చేసింది. మీది పాత ఇనుములో పోయింది."

పంకజాక్షే సాయం చేసింది. "పోనీలే నాయనా, పనుల్లో మర్సిపోయినట్టుండావు."

ఆ మాట పట్టుకుంటే బయటపడవచ్చు. ఆమె దయతో ఇచ్చిన దారి అది. చక్రధర్ నేలకేసి చూస్తూ అన్నాడు. "మర్చిపోలేదమ్మా. సార్ చెప్పింది గుర్తొచ్చింది. అయినా విసిరేసినా."

సుబ్రమణ్యం తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తన అరచేతులను చూసుకున్నాడు. పిడి ఒరుసుకుని కాయలు కాచిన అరచేతులు. తర్వాత కుర్చీ తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు. పంకజాక్షి చక్రధర్ ముట్టని కాఫీ గ్లాసు తీసుకుని ఆయన వెనకే వెళ్లింది.

మహిత మిగిలింది. "నిజంగా మంచిది చేసిస్తానమ్మా," అన్నాడు చక్రధర్. "గట్టిది. నువ్వు కూర్చుని, కొలతలు తీసుకుని..."

"వద్దు సార్." ఆమె గొంతులో కోపం లేదు. "మీరు చేసింది పెట్టుకుంటే బ్రేకు నెట్టిన ప్రతిసారీ నాకు ఇదే గుర్తొస్తాది. చెన్నైలో చేసేవాళ్లు ఉండారు. ఆర్డరిస్తా."

తిరుగుదారిలో అతను ఆ తుప్పు లివర్‌ను కారులో పక్కసీటు మీద పెట్టుకుని వచ్చాడు. ఇంటికి రాగానే గ్రైండరుతో ముక్కలు చేశాడు. ఎవరి చేతికీ పడకూడదని.

దసరా సెలవుల్లో చక్రధర్ చేస్తున్న చిన్న కారు పూర్తయింది. జయరామ్ తోటలో మొదటిసారి నడిపినప్పుడు చుట్టాలూ స్నేహితులూ చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు. "ఇంత మంచి ఇంజను యాడ పట్టినావబ్బా?" అని జయరామ్ అందరి ముందూ అడిగాడు. "పాకాలలో," అని మాత్రం చెప్పి చక్రధర్ నీళ్లు తాగడానికి వెళ్లాడు. అందరూ వెళ్లాక ఆ కారు మీద టార్పాలిన్ కప్పాడు. మళ్లీ చాలా రోజులు తీయలేదు.

కార్తీకంలో ఒక రిపోర్టు పని మీద పాకాల వెళ్లినప్పుడు రైల్వే మైదానం పక్కన ఆగాడు. మైదానంలో తెల్ల మారుతి ఒకటి జర్కులు కొడుతూ తిరుగుతోంది. నడిపేది మహిత. కొత్త లివర్ ఎండలో మెరుస్తోంది. మైదానం అంచున కుర్చీలో కూర్చుని సుబ్రమణ్యం కేకలేస్తున్నాడు. "మెల్లగా లాగు పాపా! మెల్లగా!"

చక్రధర్ దగ్గరికి నడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూశాడు.

"నీ బండి నడిచిందా?"

"నడిచింది సార్."

"ఇంజను?"

"చానా బాగుండాది సార్."

"ఉంటాది," అని సుబ్రమణ్యం మళ్లీ మైదానం వైపు తిరిగాడు. ఒకసారి వచ్చి చూడండి సార్ అన్న మాట చక్రధర్ నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాడు.

తెల్ల కారు వాళ్లకు కొంచెం దూరంలో ఆగింది. మహిత కిటికీలోంచి తల బయట పెట్టింది.

"సార్, నేను ఈడనే తిప్పుకోవాల. కొంచెం పక్కకు జరుగుతారా?"

చక్రధర్ గబగబా కంచె దాకా జరిగాడు. ఆమె లివర్ లాగింది. బండి అతను నిలబడిన చోటు మీదుగా మలుపు తిరిగి, మైదానం అవతలి వైపుకు సాగిపోయింది.